ఆడగుర్రం మాది, పుట్టిన పిల్ల ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారికి మలక్‌పేట రేసుల్లో గుర్రాలుండేవి. పరుగు మాన్పించిన ఒక ఆడగుర్రాన్ని పుణె దగ్గర స్టడ్ ఫామ్‌లో (గుర్రాలను పెంచి పిల్లల్ని పుట్టించే చోట) నెలవారీ ఖర్చు మీద ఉంచి, అక్కడే మగగుర్రంతో జత కట్టించారు. తర్వాత కొద్ది నెలలకే ఆయన పోయారు. ఈ ఫిబ్రవరిలో అది ఈనింది. ఏడు నెలల బకాయి ఉంది కాబట్టి పిల్ల తమదేనని ఫామ్ వాళ్లంటున్నారు. రాతకోతలేమీ లేవు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి పిల్ల మీ కుటుంబానిదే. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 163లో ఉదాహరణే ఇచ్చారు: ఒకరి దగ్గర ఉంచిన ఆవు ఈనితే, ఆవుతో పాటు దూడనూ అప్పగించాలి. వేరే ఒప్పందం ఉంటేనే తేడా. మీ నాన్నగారు నోటిమాటగా ఏమైనా ఒప్పుకున్నారని వాళ్లంటే, రుజువు చేసుకోవాల్సింది వాళ్లే.

అయితే పిల్ల మీ ఒక్కరిదే కాదు. మీరు హిందువులై, వీలునామా లేకపోతే, అమ్మగారికి, నాయనమ్మ ఉంటే ఆవిడకు, తోబుట్టువులకు సమాన వాటా ఉంటుంది. అందరూ కలిసి సంతకాలు పెట్టండి.

బకాయి మాత్రం న్యాయమైన అప్పే, కట్టాలి. దానికోసం గుర్రాన్ని ఆపవచ్చా? శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవారికి సెక్షన్ 170 ఆ హక్కునిస్తుంది. శిక్షణ ఇచ్చే ట్రైనర్ దీని కిందకు వస్తాడు, ఊరికే మేపినవాడికి కష్టం. ఈనే సమయంలో చేసిన సేవలను వాళ్లు చూపించవచ్చు. అది నెగ్గినా డబ్బు అందేదాకా ఆపుకోవడమే తప్ప, సొంతం చేసుకోవడం, అమ్ముకోవడం కుదరదు.

నాకు ఆందోళనగా ఉన్నది రిజిస్ట్రేషన్ గురించి. రేసు గుర్రాల పుట్టుక, వంశం నమోదు చేసే సంస్థ పుణెలోని స్టడ్‌బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా. అందులో నమోదు కాని పిల్ల రేసుకు పనికిరాదు. తల్లిదండ్రులెవరో డీఎన్‌ఏతో తేలుస్తారు, యజమాని ఎవరన్నది కాగితాలతోనే తేలాలి. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, గుర్రం కాగితాలు జతచేసి, వేరేవాళ్ల పేరున ఎక్కించవద్దని ఇవాళే స్పీడ్ పోస్టులో రాయండి. ఏ నెలలో పుట్టినా మరుసటి జనవరి 1కి ఏడాది పిల్ల కిందే లెక్క, ఆ తర్వాత వాళ్లు దాన్ని అమ్మకానికి పెట్టే అవకాశం ఉంది. ఆలస్యం చేయకండి.

పిల్ల ఫొటోలు కూడా తీయించండి. నుదుటి మచ్చ, కాళ్ల తెలుపు, సుడులు స్పష్టంగా కనిపించాలి. రేపు మరో పిల్లను చూపించే అవకాశం ఉండకూడదు. పాలు మానకముందే తల్లి నుంచి విడదీసి లారీలో తెచ్చుకోవాలని మాత్రం చూడకండి, పిల్ల ప్రాణానికే ముప్పు రావచ్చు.

బకాయిలో మీరు ఒప్పుకునే మొత్తాన్ని బ్యాంకు ద్వారా పంపి, ‘పిల్లపై హక్కు వదులుకోవడం లేదు’ అని లేఖ పెట్టండి. అప్పటికీ ఇవ్వకపోతే నోటీసిచ్చి, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 7, 8 కింద దావా వేయండి. అమ్మకుండా మధ్యంతర ఇంజంక్షన్ (కేసు తేలేదాకా ఆపే కోర్టు ఉత్తర్వు) కూడా అందులోనే అడగండి.