పాత తేదీతో తీర్మానం రాయకండి

ప్రశ్న: మాది హనుమకొండలో సొసైటీగా రిజిస్టరైన చిన్న గ్రంథాలయం. ఇరవై ఏళ్లుగా జీతం లేకుండా కార్యదర్శిగా చేస్తున్నాను. ఎనిమిది నెలల క్రితం తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఏడ్చుకుంటూ వచ్చి, తన కోడలు మా గ్రంథాలయానికి ఎప్పుడొస్తుందో, ఏం చదువుతుందో చూపించమన్నాడు. జాలిపడి రిజిస్టర్ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. వాళ్లు వాటిని మనోవర్తి కేసులో వేశారు. ఇప్పుడు ఆ అమ్మాయి నష్టపరిహారం అడుగుతూ నాకు లాయర్ నోటీసు పంపింది. పాఠకుల గోప్యత నియమాలను కమిటీ ఎలాగూ మారుస్తోంది. వాటిని నిరుటి తేదీతో మినిట్స్‌లో రాసి, పాత రిజిస్టర్లు తీసేస్తే ఈ టెన్షన్ పోతుందా?

జవాబు: మీ ఇరవై ఏళ్ల సేవ గానీ, ఆయన కన్నీళ్లు గానీ ఈ కేసును తేల్చవు. ఎవరి రాతపూర్వక ఆదేశం మీద ఆ పేజీలు ఇచ్చారన్నదే తేలుస్తుంది. కోర్టు సమన్లు పంపితే ఇవ్వాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద పోలీస్ స్టేషన్ ఆఫీసర్ రాతపూర్వకంగా అడిగితే ఇవ్వాలి. మామగారు నోటిమాటతో అడిగితే ఇచ్చే అధికారం మీకు లేదు. ఆ రోజు అమల్లో ఉన్న నియమం ఏమిటో, సభ్యత్వ ఫారంలో ఏం రాసి ఉందో మీరు నాకు రాయనే లేదు. ఇరవై ఏళ్ల కార్యదర్శి ముందు చూడాల్సిన కాగితాలు అవే. ‘వివరాలు గ్రంథాలయ అవసరాలకే’ అని ఫారంలో ఉంటే, మాట తప్పింది మీరే.

కోర్టు ఆ ఫోటోలు తీసుకుంది కదా అని ధైర్యపడకండి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మామూలుగా సాక్ష్యానికి పనికిరాని కాగితాన్ని కూడా ఆ కోర్టు స్వీకరించవచ్చు. దాంతో మీరు ఇవ్వడం సరైనది అయిపోదు. ఎనిమిది నెలలు గడిచాయి కాబట్టి గడువు దాటిందనీ అనుకోకండి. ఇలాంటి పరిహారం దావాకు లిమిటేషన్ చట్టం 113వ ఆర్టికల్ కింద మూడేళ్లు ఉంటుంది.

ఇక మీరు అడిగిన దారి. నిరుటి తేదీతో తీర్మానం రాస్తే అది తప్పుడు సాక్ష్యం సృష్టించడమే, ఫోర్జరీ కేసు కూడా పడవచ్చు. రిజిస్టర్ మాయం చేయడం ఇంకా ప్రమాదం: కోర్టులో చూపించాల్సి వచ్చే పత్రాన్ని సాక్ష్యంగా రాకుండా నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 241వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. పైగా ఫోటోలు ఇప్పటికే కోర్టు ఫైల్లో ఉన్నాయి, మీరు పంపిన మెసేజ్ ఆయన ఫోన్‌లో ఉంది. పేజీ చింపితే ఏం దాగుతుంది? ఇప్పుడున్నది డబ్బుతో తీరే సివిల్ తగాదా. మీ కమిటీలో ఎవరైనా ఈ సలహా ఇచ్చి ఉంటే, వారు దాన్ని క్రిమినల్ కేసుగా మార్చబోతున్నారు. సంతకం పెట్టేది మాత్రం మీరు.

ఆ రిజిస్టర్‌ను ఈరోజే కవర్లో పెట్టి, సీలు వేసి, ఇద్దరు కమిటీ సభ్యుల సంతకాలతో బీరువాలో ఉంచండి. వాట్సాప్ చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి. నోటీసులో ఇచ్చిన గడువులోపు లాయర్ ద్వారా జవాబు ఇప్పించండి. జరగనే లేదని బుకాయించవద్దు. దావా పడకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ ప్రయత్నించవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానమైన బలం ఉంటుంది. కమిటీ తరఫున ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పడానికి కూడా అదే మంచి చోటు. ఆమె పుస్తకాలు చదువుకోవడానికి మీ దగ్గరికి వచ్చింది, మీరు ఆమె రాకపోకలను ఎదుటి పక్షానికి ఇచ్చారు.

కొత్త నియమాలు తప్పక చేయండి, ఆమోదించిన రోజు తేదీతోనే. అవి గడిచినదాన్ని కప్పవు. బల్ల మీద అందరికీ కనిపించే రిజిస్టర్లో ఫోన్ నంబరు గడి తీసేయండి. ఆధార్ నకలు అడగడం మానండి. పుస్తకం తిరిగి వచ్చాక ఎవరు ఏది తీసుకున్నారన్న వివరం ఎన్నాళ్లు ఉంచుతారో రాయండి. రాతపూర్వక ఆదేశం లేకుండా భర్తకైనా, తండ్రికైనా వివరాలు ఇవ్వబోమని స్పష్టంగా రాయండి. కాగితం రిజిస్టర్ కదా అనుకోకండి, ఫోన్‌తో ఫోటో తీసిన క్షణం అది డిజిటల్ సమాచారం అవుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

పాత రికార్డులు తీసేయాలన్న క్లాజు పెడితే, ‘వివాదంలో ఉన్న రికార్డులకు ఇది వర్తించదు’ అని దాని కిందనే రాయండి. సీలు వేసిన ఆ కవరు ఈ తగాదా పూర్తిగా తేలేదాకా బీరువాలోనే ఉండాలి.