కప్పు దగ్గర మొదలుపెట్టు

అమ్మాయ్,

గుంటూరు నుంచి నీ వ్యాసం వచ్చిన రోజే రెండుసార్లు చదివాను. రోబోలు తమకు తెలిసిందంతా ఇంటర్నెట్‌లో ఒకచోట దాచిపెట్టుకుని, ఒకటి నేర్చింది ఇంకోటి వాడుకోవడం గురించి తెలుగులో రాయాలని నీకు తట్టినందుకే చాలా సంతోషమేసింది. కానీ మొదటి పేజీ నిండా విప్లవం, అద్భుతం, కొత్త శకం. అవన్నీ కొట్టెయ్.

రోబోలు నేర్చింది ఇంటర్నెట్‌లో పంచుకునేలా చేసిన ప్రాజెక్టు రోబోఎర్త్ పేరు ఒక్క ముక్క చెప్పి వదిలేశావు, అసలు కథేమో అక్కడుంది. 2014 జనవరిలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఆసుపత్రి గదిలా సర్దిన చోట నాలుగు రోబోలతో చేసి చూపించారు. ఒకటి గదంతా చూసి మ్యాప్ ఎక్కిస్తే, ఆ మ్యాప్‌తో దారి వెతుక్కుంటూ ఇంకోటి మంచం మీది మనిషికి తాగడానికి ఇవ్వబోయింది. ఆ గదిలోకి పాఠకుణ్ణి తీసుకెళ్లు.

అదే ఏడాది అమెరికాలో కోర్నెల్ యూనివర్సిటీ వాళ్లు రోబోలన్నీ వాడుకునే సమాచార నిధి ఒకటి రోబోబ్రెయిన్ అని మొదలుపెట్టి, దానికి 1,20,000 యూట్యూబ్ వీడియోలు, 10 కోట్ల దాకా మాన్యువళ్లూ అలాంటి కాగితాలూ మేపారు. ఎందుకంటే కాఫీ కప్పు కనిపిస్తే అది కప్పని తెలిస్తే చాలదు, చెవి పట్టుకుని ఎత్తాలి, నిండుగా ఉంటే నిటారుగా మొయ్యాలి, కడిగినదాన్ని అలమర్లో పెట్టేటప్పుడు ఎలా పట్టుకున్నా ఫరవాలేదు.

ఇప్పుడు మన స్టీలు గ్లాసు సంగతి చూడు. దానికి చెవి లేదు. ఇక్కడ బెజవాడలో మా వీధి చివర హోటల్లో కాఫీ తెచ్చే కుర్రాడు పొగలు కక్కే గ్లాసుని పై అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా బల్ల మీద పెడతాడు. ఎవరో ఒకరు ఎక్కించకపోతే ఆ పట్టు ఏ రోబోకి తెలుస్తుంది? నాకు నిజంగా దిగులుగా ఉండేది ఇదే, నీ వ్యాసంలో ఇది లేకపోవడమే లోటు.

ఇంకొకటి. ఒకటి నేర్చుకుంటే అన్నిటికీ వచ్చేస్తుందని రాశావు. అలా రాదమ్మా, రెండు వేళ్ల చెయ్యి నేర్చింది అయిదు వేళ్ల చేతికి ఉన్నదున్నట్టు సరిపోదు. అందుకే 2023లో ఓపెన్ ఎక్స్-ఎంబాడిమెంట్ అనే ఉమ్మడి డేటా సేకరణ కోసం 22 రకాల రోబోల డేటా ఒకచోట చేర్చారు. ఆ పేరా మార్చు.

ఒకరోజు పొద్దున్నే మిర్చి యార్డుకి వెళ్లు. టిక్కీలో, అదే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి కాయ ఎండిందో లేదో చెప్పేవాళ్ల పక్కన నిలబడి, వేళ్లు ఏం చేస్తున్నాయో చూసి రాసుకో. అది రాసి నాకు పంపించు, టెన్షన్ పడకు, ఎన్నిసార్లయినా చూస్తాను.