ఆదివారం ఆ పొద దగ్గరికి వెళ్లేముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, నీ మేనల్లుడికి నీ పిచ్చే పట్టింది" అన్నాడు. నువ్వు డబ్బులు కూడబెట్టుకుని సెకండ్ హ్యాండ్‌లో పెద్ద లెన్స్ కొన్నావట. చీకటితోనే లేచి పిట్టల వెంట తిరుగుతున్నావట. వాడు విసుక్కుంటూ చెబుతుంటే నాకేమో కళ్లు చెమర్చాయి. మన ఇంట్లో ఇంకొకరు తలెత్తి చెట్లవైపు చూస్తున్నారన్నమాట!

ఆ సంతోషంలో ఉండగానే ఇంకో మాట అన్నాడు. పొదలో పిగిలిపిట్ట (బుల్‌బుల్) గూడు కనిపెట్టావని, పిల్లలు బయటికొచ్చాయని, ఆదివారం పొద్దున్నుంచి అక్కడే కూర్చుని ఫొటోలు తీస్తానంటున్నావని. ఇక నాకు నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కెమెరా సంగతులు నీకు నాకంటే బాగా తెలిసుంటాయి, గబగబా చెప్పేస్తాను. బ్యాటరీ నిండా ఛార్జ్ చేసుకో, కార్డు ఖాళీ చేసుకో. ఎగిరే పిట్టకి షటర్ సెకనులో 2000వ వంతు, కొమ్మ మీద కూర్చున్నదానికి 500వ వంతు ఉంటే నిలుస్తుంది. ఐఎస్ఓ, అంటే వెలుగుని కెమెరా పట్టుకునే సున్నితత్వం, పెరిగి ఫొటోలో గరుకు వస్తుందని భయపడకు. గరుకున్న ఫొటోని చూడొచ్చు, కదిలిపోయిన ఫొటోని ఏం చేసుకుంటాం? ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే ఉండాలి. ముదురు నీళ్ల ముందు తెల్ల కొంగ నిలబడితే కెమెరా మోసపోయి కొంగని సున్నం ముద్దలా చేస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) ఒక మెట్టు తగ్గించు. పసులపోలిగాడి లాంటి నల్ల పిట్టకి దీనికి తిరగేసి చెయ్యి, లేకపోతే కన్నెక్కడుందో కూడా తెలియదు. ఎండ నీ వీపు మీద పడేలా చూసుకో. పొద్దెక్కాక నేల మీద గాలి వేడికి అలలాడుతుంది. అప్పుడు ఎంత మంచి లెన్స్ అయినా దూరపు పిట్టని స్పష్టంగా చూపించలేదు. కాబట్టి తొమ్మిదింటికల్లా ఇంటికి రా. మీ నాన్న కోసం చెబుతున్నది కాదిది, వెలుగు గురించే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి అడుగు వెయ్యకు. పిట్ట ఫ్రేములో పట్టడం లేదని ఒకసారి నేను అలాగే వెనక్కి వెనక్కి జరిగాను. మడమ కింద నేల లేదు. గోడ లేని పాత బావి. చెయ్యి ఒక చెట్టు వేరుకి దొరికింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట మీ తాతయ్యకి చివరిదాకా చెప్పలేదు, చెబితే ఇంకెప్పుడూ గడప దాటనిచ్చేవాడు కాదు. ముందు కెమెరా కిందికి దించు, తిరిగి చూడు, అప్పుడు నడు. ఎక్కడికి వెళ్తున్నావో, ఎప్పటికి వస్తావో ఇంట్లో చెప్పి వెళ్లు.

కళ్ల గురించి కూడా నాకు భయమే. ఎరిక్ హోస్కింగ్ అని ఇంగ్లండు ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1937లో ఒక రాత్రి గుడ్లగూబ గూటి దగ్గర ఉండగా ఆ గుడ్లగూబ వచ్చి మొహం మీద కొట్టింది. ఒక కన్ను పోయింది. ఆ తర్వాత కూడా ఆయన దశాబ్దాలపాటు పక్షుల ఫొటోలే తీశాడు, అది వేరే సంగతి. ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆయన పట్టుదలని మెచ్చుకుంటారు. నాకు మాత్రం గుడ్లగూబే గుర్తుంటుంది. దాని పిల్లల దగ్గరికి మనిషి వచ్చాడు, అది చెయ్యాల్సింది చేసింది. అన్ని పిట్టలకీ అలాంటి గోళ్లు ఉండవురా. పిగిలిపిట్టకి ఏమున్నాయి?

ఇప్పుడు అసలు సంగతి. నీ గదిలో మంచం ఎదురుగా గోడ మీద ఉన్న ఫొటో తెలుసు కదా. నోట్లో ఆకుపచ్చ గొంగళిపురుగు, తల మీద కుచ్చు నిక్కబొడుచుకుని, నోరు కొంచెం తెరిచి, తోక కింద ఎర్రటి మచ్చ కనిపించేలా పక్కకి తిరిగి కూర్చున్న పిగిలిపిట్ట. చిన్నప్పుడు నువ్వు దాన్ని "పాట పాడే పిట్ట" అనేవాడివి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "మా అత్త తీసింది" అని చూపించేవాడివి. ఒక పోటీలో దానికి బహుమతి కూడా వచ్చింది. దాన్ని చూస్తూ పెరిగే నీకీ కోరిక పుట్టిందని మీ నాన్న నిన్న గొప్పగా చెప్పాడు. ఆ మాటకే నాకు గొంతు పట్టేసింది.

అది పాడటం లేదురా.

అప్పట్లో నాకు నీ వయసే ఉంటుంది. రీలు కెమెరా, ఒక్కో రీలుకి 36 ఫొటోలు. ఒక ముళ్లపొదలో, నా ఛాతీ ఎత్తులో గూడు కనిపించింది. గిన్నెలా అల్లిన చిన్న గూడు. లోపల మూడు పిల్లలు. కళ్లు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి, రెక్కల మీద ఈకలు ఇంకా సూదుల్లానే ఉన్నాయి. పొద కదిలితే చాలు, తల్లి వచ్చిందనుకుని మూడు నోళ్లూ ఒకేసారి తెరుచుకునేవి. చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే కెమెరాతో వెళ్లాను. రెండు కొమ్మలు అడ్డంగా ఉన్నాయి, గూడంతా నీడ. ఆ రీలుకి ఆ వెలుగు చాలదు. కొమ్మలు విరిస్తే పాపమని, నేను చాలా దయగలదాన్నని అనుకుంటూ, వాటిని దారంతో వెనక్కి లాగి కట్టాను. గూటి మీద వెలుగు పడింది. నేను ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చున్నాను.

తల్లి వచ్చింది. నోట్లో పురుగు. గూట్లో దిగలేదు. పక్క కొమ్మ మీద వాలి కుచ్చు లేపి అరవడం మొదలుపెట్టింది. ఇంకోవైపు నుంచి తండ్రి వచ్చింది, అదీ అంతే. ఎగిరిపోవడం, తిరిగి రావడం, అరవడం. నాకైతే పండగలా ఉంది. అంతకుముందు ఏ పిట్టా నా ముందు అంతసేపు కూర్చోలేదు. "ఎంత బాగా నిలబడుతోందో నా తల్లి" అనుకుంటూ తీస్తూనే ఉన్నాను. ఒక రీలు అయిపోయింది, ఇంకోటి ఎక్కించాను. ఎండ పైకొచ్చింది. మెడ కాలుతుంటే కొంగు కప్పుకున్నాను. ఆ పిల్లలకి కొంగు లేదు. ఈకలు రాని పిల్లలు ఒంటి వేడిని తామే సర్దుకోలేవు. ఎండపడితే తల్లి రెక్కలు విప్పి నీడ పడుతుంది. ఆ తల్లిని గూటికి రానివ్వకుండా నేనే ఎదురుగా కూర్చున్నాను. ఆ నీడనిచ్చిన కొమ్మల్ని నేనే కట్టేశాను. దాదాపు రెండు గంటలు.

లేచేటప్పుడు చూశాను, మూడు పిల్లలూ మెడలు గూటి అంచు మీద వేలాడేసి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆకలనుకున్నాను. ఇప్పుడు తెలుసు, అది వగర్పు. హడావుడిగా ఒక దారం విప్పాను. రెండోది ముళ్లల్లో చిక్కుకుపోయింది, రేపు వచ్చి విప్పుదాంలే అనుకున్నాను.

ఆ "రేపు" గూడు ఖాళీగా ఉంది. ఎండకి పోయాయో, కొమ్మ పక్కకి తప్పుకుంటే కాకి కంట్లో పడ్డాయో, జెముడుకాకి వచ్చిందో, నా అడుగుల జాడ పట్టుకుని పిల్లి వచ్చిందో, నేను చూడలేదు. దారం మాత్రం అలాగే ఉంది. తల్లి నోట్లో పురుగుతో ఆ కొమ్మ మీదే వాలింది, గూట్లోకి వంగి చూసింది, ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది. నా భుజాన కెమెరా ఉంది, తియ్యలేదు.

రీలు కడిగించాక అందరూ ఆ ఒక్క ఫొటోనే మెచ్చుకున్నారు. పాడుతున్నట్టుంది అన్నారు. నేను ఒప్పుకున్నట్టే ఊరుకున్నాను. నువ్వు పుట్టాక మీ అమ్మ అడిగితే ఫ్రేము కట్టించి ఇచ్చాను కూడా. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఏడ్చి కూర్చోమని కాదు, బుద్ధి తెచ్చుకోమని. నువ్వు కూర్చున్నాక పిట్ట గూట్లోకి రాకుండా పక్కన తచ్చాడుతుంటే, నోట్లో మేత పట్టుకుని అరుస్తుంటే, కుచ్చు లేపితే, తోక అదే పనిగా ఆడిస్తుంటే, నువ్వు ఎక్కువ దగ్గరికి వచ్చావని అర్థం. లేచి వచ్చెయ్. "ఇంకొక్క ఫొటో" అనే మాట నోట్లోకి రానివ్వకు. ఏ ఆకునీ తాకకు, ఏ కొమ్మనీ వంచకు. ఫోనులో వాటి కూత వినిపించి పిలవకు. తన చోటులోకి ఇంకొకటి జొరబడిందని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. ఇంకో సంగతి, ఫోనుతో ఫొటోలు తీస్తే వాటితో పాటు అవి తీసిన చోటు కూడా నమోదు కావచ్చు. స్నేహితులకి పంపేటప్పుడు అది తీసెయ్. గూడు ఎక్కడుందో నాక్కూడా చెప్పకు.

అసలు గూటి జోలికే వెళ్లొద్దంటాను. కోపం వచ్చిందా? రానీ.

మరి ఏం తియ్యాలంటావు. చాలా ఉన్నాయి నాన్నా. నీళ్ల మీదికి వంగిన ఎండుకొమ్మ ఏదైనా చూసుకో. దాని కింద రాళ్ల మీద తెల్లటి రెట్టలుంటే లకుముకి పిట్ట అక్కడికి రోజూ వస్తుందని గుర్తు. అది చేపని పట్టుకుని అదే కొమ్మకి తిరిగొస్తుంది. పాలపిట్ట, పసులపోలిగాడు కూడా అంతే, కూర్చునే చోటు వదలవు. నువ్వు వాటి వెంట పరిగెత్తక్కర్లేదు. పిట్ట రాకముందే వెళ్లి, దూరంగా, నేలకి దగ్గరగా కూర్చుని, కొమ్మ మీద ఫోకస్ పెట్టుకుని ఊరుకో. కారులో కూర్చున్నా సరే, మనిషి ఆకారం కనపడకపోతే అవి అంత బెదరవు. రిచర్డ్, చెర్రీ కేర్టన్ అని ఇంగ్లండులో అన్నదమ్ములుండేవారు. 1900లో ఎద్దు తోలుతో బోలు ఎద్దును చేయించుకుని, అందులో దూరి పిట్టల ఫొటోలు తీశారు. ఎద్దుని చూసి పిట్ట భయపడదు కదా! లోపల ఉక్కకి ఎలా తట్టుకున్నారో పాపం.

నేను ఆ పొద తర్వాత రెండేళ్లు కెమెరా ముట్టలేదు. మళ్లీ పట్టుకున్నది తీతువు వల్ల. రాళ్ల నేల మీద నాలుగు గుడ్లు పెట్టి పొదుగుతోంది. గుడ్లు ఆ రాళ్లలాగే ఉంటాయి, తొక్కేదాకా తెలియదు. అది నెత్తి మీద తిరుగుతూ అరిచిందని అక్కడే ఆగిపోయాను, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాను. అరుపు ఆగేదాకా జరిగాను. లెక్కపెట్టాను, తొంభై అడుగులు. అక్కడ ఒక గట్టు చాటున కూర్చున్నాను. ఎండ ముదిరాక అది లేచి నీళ్ల దగ్గరికి నడిచింది. తాగుతుందనుకున్నాను. నీళ్లలో దిగి, మోకాళ్లు వంచి, పొట్ట అటూ ఇటూ ఆడించి, ఈకలు తడిపేసుకుని, నీళ్లు కారుతుండగానే పరుగున వెళ్లి గుడ్ల మీద కూర్చుంది. వాటిని చల్లబరుస్తోంది! మూడుసార్లు చూశాను ఆ పూట. ఫొటోలో పిట్ట బఠాణీ గింజంత ఉంటుంది, ఎవరికి చూపించినా "ఏదీ, ఎక్కడ?" అంటారు. నా బీరువాలో దాచుకున్నది అదే.

నీకు దాన్ని పంపుతున్నాను. గోడ మీది పిగిలిపిట్టని తీసేస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం, నేనేం అనుకోను. పార్సిల్‌లో ఒక గుడ్డ సంచీ కూడా ఉంది. ఇసుక నింపుకుని లెన్స్ కింద పెట్టుకుంటే చేతులు వణకవు. నా చేతులు ఇప్పుడు దానితో కూడా వణుకుతున్నాయి, అందుకని నీకిస్తున్నాను.

టోపీ పెట్టుకో, నీళ్లు తీసుకెళ్లు. ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను. ఏ పిట్ట వచ్చిందో, నువ్వెంత దూరంలో కూర్చున్నావో చెప్పు.

మీ అత్త