క్యామ్రీ వెనక స్ట్రట్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2009 టొయోటా క్యామ్రీ, లక్షా నలభై వేల మైళ్లు దాటింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా వెనక నుంచి టక్ టక్‌మంటోంది. షాపులో వెనక స్ట్రట్లు (గతుకుల్లో ఊపు ఆపే, చుట్టూ స్ప్రింగ్ ఉండే షాకబ్జార్బర్లు) రెండూ పోయాయన్నారు, వాళ్లు చెప్పిన రేటు వినేసరికి గుండె గుభేలుమంది. ఇంట్లో చేసుకోగలనా, స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కిపట్టే పనిముట్టు) కొనాలా, తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) తప్పదా అని అడిగారు.

చేసుకోవచ్చండీ. ఒహాయోలో ఉన్నప్పుడు నా 2008 క్యామ్రీకి ఒక ఫ్రెండ్ గరాజ్‌లో ఈ పని చేశాను. మీది కూడా అదే తరం బండి, 2007 నుంచి 2011 మోడల్ దాకా వెనక అమరిక ఇంతే. నేను మెకానిక్‌ని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ని. మీరు కనీసం బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చి ఉంటే ధైర్యంగా దిగండి. చక్రం విప్పడమే కొత్తయితే మాత్రం దీన్ని మొదటి పనిగా పెట్టుకోవద్దు.

అయితే డబ్బులు పెట్టే ముందు, పోయింది నిజంగా స్ట్రట్లేనా అని చూసుకోండి. టక్ టక్ శబ్దానికి స్ట్రట్ ఒక్కటే కారణం కానక్కర్లేదు. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని స్ట్రట్‌తో కలిపే చిన్న లింక్ ఉంటుంది. దాని బాల్ జాయింట్ అరిగినా అచ్చం ఇలాగే మోగుతుంది. లింక్ ధర చాలా తక్కువ, మార్చడమూ తేలిక. బండి లేపి స్టాండ్ల మీద పెట్టాక దాన్ని చేత్తో పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే ముందు అది మార్చి చూడండి.

డిక్కీ మీద చేతులు వేసి నొక్కి వదిలే పరీక్ష అందరూ చెబుతారు. వదిలాక రెండు మూడుసార్లు ఊగితే స్ట్రట్ పోయినట్టేగానీ, ఊగనంత మాత్రాన బాగున్నట్టు కాదు. నేను టైరునే ఎక్కువ నమ్ముతాను. అరచేత్తో ట్రెడ్ చుట్టూ తడిమి చూడండి, కొంతకొంత దూరానికి పల్లాలు పడి ఎత్తుపల్లాలుగా తగిలితే చక్రం రోడ్డు మీద ఎగురుతోందన్నమాట. స్ట్రట్ ఒంటి మీద ఆయిల్ కూడా చూడండి. కాస్త తడిగా, దుమ్ము అంటుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు. కిందదాకా కారి మడ్డి కట్టి ఉంటే దాని పని అయిపోయింది. ఒకటే కారుతున్నా రెండూ కలిపే మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే మలుపుల్లో బండి వెనక భాగం తేడాగా ప్రవర్తిస్తుంది.

ఇక స్ప్రింగ్ కంప్రెసర్ సంగతి. నన్నడిగితే దాని జోలికి వెళ్లకండి. ఈ బండిలో వెనక స్ట్రట్ చుట్టూనే కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది, పైన మౌంట్ (స్ట్రట్‌ని బండి బాడీకి పట్టించే భాగం) దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. పాత స్ట్రట్ తీసి అదే స్ప్రింగ్‌ని కొత్తదానికి ఎక్కించాలంటే ముందు స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో బిగించి నొక్కాలి. ఆటోజోన్ లాంటి విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కడితే కంప్రెసర్ వాడుకోవడానికి ఇస్తారు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి వస్తుంది. కాబట్టి సమస్య ఖర్చు కాదు. ఆ కొక్కేలు జారాయంటే స్ప్రింగ్ ఎటు ఎగురుతుందో చెప్పలేం, మనిషి ప్రాణమే పోవచ్చు. స్ట్రట్, స్ప్రింగ్, మౌంట్ అన్నీ ముందే బిగించిన అసెంబ్లీలు దొరుకుతాయి. కేవైబీ వాళ్లు స్ట్రట్-ప్లస్ అనీ, మన్రో వాళ్లు క్విక్-స్ట్రట్ అనీ అమ్ముతారు. విడి స్ట్రట్ కన్నా ఖరీదే, కానీ ఇంట్లో చేసే పనికి అదే సరైన దారి. పైగా ఇన్ని మైళ్లు తిరిగిన బండికి మౌంట్ రబ్బరు, డస్ట్ బూట్ ఎలాగూ మార్చాల్సిందే. ఊరూపేరూ లేని చవక అసెంబ్లీలు మాత్రం వద్దు. వాటిలో స్ప్రింగ్ ఎత్తు తేడా వచ్చి, వెనక భాగం లేచి నిలబడ్డ బండ్లు చూశాను.

ఇందులోనే ఒక హెచ్చరిక. మౌంట్ మీద చుట్టూ మూడు నట్లు, మధ్యలో ఒకటి ఉంటాయి. చుట్టూ ఉన్న మూడే విప్పాలి. మధ్యదే స్ప్రింగ్‌ని నొక్కి ఉంచేది. స్ట్రట్ బండిలో ఉన్నా, బయట ఉన్నా దాని మీద పానా పెట్టొద్దు.

పని ఎక్కడ చేస్తారో కూడా ముందే అనుకోండి. చాలా అపార్ట్‌మెంట్ల లీజుల్లో పార్కింగ్‌లో బండి రిపేర్ చేయకూడదని రాసి ఉంటుంది, సగం విప్పాక ఆఫీసువాళ్లు వచ్చి నిలబడితే ఆ టెన్షన్ వేరు. సొంత ఇల్లున్న స్నేహితుణ్ని పట్టుకోండి, భోజనం మీ వంతు. కింద గట్టి సిమెంటు నేల కావాలి. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపి, బండి బరువు జాక్ స్టాండ్ల మీద వేయండి. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాన్ని నమ్ముకుని బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

ఈ క్యామ్రీలో ఎక్కువ సమయం తినేది బండి కింద పని కాదు, బండి లోపల పని. పై నట్లు డిక్కీలోంచి అందవు. వెనక సీటు తీయాలి, సీటు వెనక అద్దం కింద ఉండే ట్రే కవర్ కూడా లేపాలి. కూర్చునే కుషన్ ముందు అంచు దగ్గర క్లిప్పులుంటాయి, పైకి గట్టిగా గుంజితే ఊడొస్తాయి. తర్వాత వీపు ఆనే భాగం బోల్టులు. ట్రే కవర్ ప్లాస్టిక్ క్లిప్పులు పాతబడి ఉంటాయి కాబట్టి కొన్ని విరుగుతాయి, కొత్తవి ఓ ప్యాకెట్ ముందే తెచ్చుకోండి. బ్రేక్ లైట్ కనెక్టర్, సీట్ బెల్టులు ఎలా వెళ్తున్నాయో విప్పేముందే ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. ఇది చదివేవాళ్లలో 2012 తర్వాతి క్యామ్రీ ఉన్నవాళ్లకో మాట: వాటిలో వెనక సీటు పక్కల్లో కూడా ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం 90 సెకన్లు ఆగి అప్పుడు సీటు ముట్టుకోండి. 2018 మోడల్ నుంచి వెనక సస్పెన్షన్ పూర్తిగా మారిపోయింది, ఈ జవాబు వాటికి పనికిరాదు.

చక్రం తీశాక బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు స్ట్రట్‌కి ఎక్కడెక్కడ పట్టి ఉన్నాయో చూసి విడదీయండి. స్టెబిలైజర్ లింక్ కూడా విప్పాలి. నట్టుతో పాటు లోపలి కడ్డీ కూడా గిర్రున తిరుగుతుంటే, దాని చివర ఉన్న గుంతలో అలెన్ కీ పెట్టి పట్టుకుని నట్టు తిప్పండి. ఆ తర్వాత స్ట్రట్‌ని చక్రం హబ్ వైపు కలిపే రెండు పెద్ద బోల్టులు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే ఇక్కడే చెమటలు పడతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్, పీబీ బ్లాస్టర్ లాంటిది కొట్టి ఉంచండి, పొద్దున మళ్లీ కొట్టండి. చిన్న రాచెట్‌తో కుస్తీ పట్టొద్దు, పొడుగాటి బ్రేకర్ బార్ వాడండి. బోల్టు తలని పట్టుకుని నట్టు మాత్రమే తిప్పాలి.

ఆ బోల్టులు లాగే ముందు హబ్ కింద ఇంకో జాకీ ఆనించండి. లేకపోతే స్ట్రట్ ఊడగానే హబ్ బయటికి వాలి, బరువంతా బ్రేక్ హోస్ మీద పడుతుంది. పైన మూడో నట్టు విప్పేటప్పుడు ఒకరు లోపల, ఒకరు కింద స్ట్రట్ పట్టుకుని ఉండాలి. అది చూడ్డానికి అలా ఉంటుందిగానీ బరువే.

కొత్తది ఎక్కించే ముందు పాతదాని పక్కన నిలబెట్టి పోల్చండి. బ్రేక్ హోస్ బ్రాకెట్ ఎటు ఉందో చూస్తే కుడి, ఎడమ తేడా తెలిసిపోతుంది. డబ్బా మీద ఉన్న L, R అక్షరం ఒక్కటే నమ్మొద్దు. పై నట్లు ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పి వదిలేసి, కింద బోల్టులు ఎక్కించాక అన్నీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించండి. ఎంత టార్క్ అన్నది మీ మోడల్ రిపేర్ మాన్యువల్‌లోనే చూడండి, ఎవరో కామెంట్లో రాసిన అంకె నమ్మొద్దు. ఆ మాన్యువల్ చూడ్డానికి టొయోటా టెక్‌ఇన్ఫో సైట్‌లో రెండు రోజుల చందా ఉంది. అది కట్టి మీకు కావాల్సిన పేజీలన్నీ సేవ్ చేసుకోండి. రెండో పక్క పని మొదటి పక్కకి పట్టిన సమయంలో సగంలో అయిపోతుంది.

హైదరాబాద్, విజయవాడ నుంచి చదువుతున్నవాళ్లకి ఇదంతా చూసి భయం వేయొచ్చు. మీ దగ్గర స్విఫ్ట్ లాంటి బండి ఉంటే పని దీనికన్నా చాలా సులువు. వాటిలో వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే దూలం) ఉంటుంది, స్ప్రింగ్ వేరు, షాకబ్జార్బర్ వేరు. బీమ్ కింద జాకీ ఆనించి ఉంచితే స్ప్రింగ్ కదలదు, షాకబ్జార్బర్ ఒక్కటే ఊడొస్తుంది. కింద బోల్టు రబ్బరు బుష్ గుండా వెళ్తుంది కాబట్టి చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలి తిరిగిపోయి తొందరగా చిరుగుతుంది. చాలా షాపుల్లో ఇది పట్టించుకోరు. మీరు పక్కనుంటే అడిగి చేయించుకోండి. ఈ పనికి అలైన్‌మెంట్ అక్కర్లేదు.

మీ క్యామ్రీకి మాత్రం అలైన్‌మెంట్ తప్పదు. స్ట్రట్ చక్రాన్ని నిలబెట్టే భాగాల్లో ఒకటి, ఆ రెండు బోల్టుల రంధ్రాల్లో ఉన్న కాస్త వెసులుబాటుకే క్యాంబర్, అంటే చక్రం పక్కకి వాలే కోణం, మారుతుంది. సీటు బిగించేముందు ఒకసారి మెల్లగా ఇంటి చుట్టుపక్కల తిప్పి రండి. పైనుంచి ఏదైనా శబ్దం వస్తే నట్లు చేతికి అందుతూనే ఉంటాయి. అంతా బాగుంటే సీటు పెట్టేసి, ఆ వారంలోనే నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించండి. ముందు చక్రాలు మాత్రమే సరిచేసి పంపించేవాళ్లు ఉంటారు. వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా సర్దాలని చెప్పి, సర్దకముందు, సర్దాక అంకెలున్న ప్రింట్‌అవుట్ అడిగి తీసుకోండి.