టెక్ సందేహాలు: గ్రూపులో దేవుడి తగవు

ఈ విడత కడప, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఫోను వేడెక్కుతోందన్నవి తక్కువ, గ్రూపు వేడెక్కుతోందన్నవి ఎక్కువ. దేవుడున్నాడా లేడా అన్నది తేల్చడం ఈ శీర్షిక వల్ల అయ్యే పని కాదు. కాకపోతే ఆ తగవులో సగం మంట ఫోనే రాజేస్తుంది. ఆ సగం గురించే ఈ జవాబులు.

"పదో తరగతి బ్యాచ్ గ్రూపు, 140 మందిమి. తెల్లారితే దేవుడి పటాలు పెట్టేవాళ్లు కొందరు. ప్రతి పటం కింద 'మరి కరువెందుకు తీర్చలేదు ఈయన?' అని అడిగే స్నేహితుడొకడు. రాత్రి పదకొండుకు మొదలైతే రెండు దాకా కొట్లాటే. నేనే అడ్మిన్‌ని. ఎవరిని తీసేయాలి?" (కడప)

ఇప్పుడే ఎవరినీ తీయకండి. తీసేసిన మనిషి ఊరుకోడు, తనవాళ్లు పదిమందితో ఇంకో గ్రూపు పెడతాడు. ఆ తర్వాత అక్కడి స్క్రీన్‌షాట్లు ఇక్కడికి, ఇక్కడివి అక్కడికి మోయడమే అందరికీ పని. పెళ్లి పత్రిక, చావు కబురు, దేవుడి పటం, దేవుడి మీద ప్రశ్న అన్నీ ఒకే వరుసలో వచ్చి పడటమే మీ గ్రూపు జబ్బు. వాటిని విడదీయాలి.

వాట్సాప్‌లో కొత్త చాట్ మొదలుపెట్టే చోటే 'కొత్త కమ్యూనిటీ' అని ఉంటుంది. దాన్ని తయారుచేసి పాత గ్రూపును అందులో చేర్చండి. పాత మెసేజులు ఎక్కడికీ పోవు. దాని కిందే 'రచ్చబండ' అని ఇంకో గ్రూపు తెరవండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: 140 మందినీ తామే అందులో వేసేస్తారు, కొట్లాట రెండు చోట్ల మొదలవుతుంది. ఎవరినీ వేయొద్దు. లింకు పెట్టండి, వాదించే ఓపిక ఉన్నవాళ్లే వస్తారు. ఇంకో మాట: పటాలను పాత గ్రూపులో ఉండనిచ్చి, ప్రశ్నను మాత్రం రచ్చబండకు తోలితే అది పక్షపాతమే. పోతే రెండూ పోవాలి.

నియమం రెండు వాక్యాల్లో రాసి పిన్ చేయండి. పిన్ గడువు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు, ఈ మూడే. 30 పెట్టి, నెలకోసారి మళ్లీ పిన్ చేయాలి. రాత్రి తగవుకు గ్రూపు అనుమతుల్లోకి వెళ్లి మెసేజులు పంపే హక్కు అడ్మిన్లకే అని మార్చవచ్చు. దీనికి టైమర్ లేదు. రాత్రి మూసినవాళ్లే పొద్దున తెరవాలి. మరిచిపోతే ఎవరింట్లోనో ఆపద వచ్చినా చెప్పుకునే దారి ఉండదు. అందుకని రెండో అడ్మిన్‌ను పెట్టండి, అదీ మీ వాదానికి ఎదుటి పక్షం మనిషిని. పక్షపాతం అన్న మాట సగం అక్కడే ఆగిపోతుంది.

అడ్మిన్ ఎవరి మెసేజైనా అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. తీసింది ఫలానా అడ్మిన్ అని అక్కడే పేరు పడుతుంది కాబట్టి గుట్టుగా చేద్దామంటే కుదరదు. మనిషిని, కులాన్ని, ఇంటివాళ్లను తిట్టింది తీయండి. నమ్మకాన్ని ప్రశ్నించింది, నాస్తికుణ్ణి ప్రశ్నించింది ఉంచండి. నిజానికి మాటల కన్నా పటం కింద పెట్టే నవ్వు బొమ్మే ఎక్కువ నిప్పు పెడుతుంది. వాట్సాప్ గ్రూపులో దాన్ని ఆపే సెట్టింగు లేదు. టెలిగ్రామ్ గ్రూపులో ఏ ఎమోజీలు వాడనివ్వాలో అడ్మిన్ ఎంచుకోవచ్చు.

సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ జైలుకు పోతాడన్న ఫార్వర్డు మీకూ వచ్చే ఉంటుంది. ఉమ్మడి ఉద్దేశం లేనప్పుడు సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు చెప్పింది, 2022లో కేరళ హైకోర్టూ దాదాపు అదే మాట చెప్పింది. మీరూ ఆ తిట్టుకు వంత పాడితే సంగతి వేరు.

"మా గ్రూపులో నాస్తికులు విగ్రహాలను ఎగతాళి చేసే పద్యం పెట్టి వేమన చెప్పాడంటారు. భక్తులు శివుడి మీద పద్యం పెట్టి అదీ వేమనదే అంటారు. ఏది నిజమో ఫోనులో తేల్చే దారి ఉందా?" (అనంతపురం)

చిక్కేమిటంటే రెండూ నిజమయ్యే వీలుంది. వేమన విగ్రహారాధనను దులిపేశాడు, శివయోగాన్నీ చెప్పాడు. అందుకే ఆయన ఇద్దరికీ పనికొస్తాడు, ఇద్దరూ ఆయన పేరిట కొత్తవి కల్పిస్తారు. చివర 'విశ్వదాభిరామ వినురవేమ' అన్న మకుటం తగిలిస్తే చాలు, ఏదైనా వేమన పద్యమైపోతుందని ధీమా.

ముందు మెసేజు పైన రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి. అది అయిదు చేతులు దాటి వచ్చిన ఫార్వర్డు. పంపినాయన రాసింది కాదు, బహుశా చదివింది కూడా కాదు. పద్యం బొమ్మగా వస్తే గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీయండి. తెలుగు ఒత్తుల దగ్గర లెన్స్ తడబడుతుంది, 'క్ష', 'త్త్వ' లాంటివి చేత్తో సరిచేయాలి. వెతికేటప్పుడు చివరి పాదం ఇవ్వకండి, వేల ఫలితాలు వచ్చి పడతాయి. రెండో పాదంలోని మూడు నాలుగు మాటలు ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టి వెతకండి. ఏమీ దొరక్కపోతే అరసున్నాలు, పాత రాతలు మార్చి ఇంకోసారి. అన్నీ గ్రూపుల్లోవే, అన్నీ ఈ రెండు మూడేళ్లవే దొరికితే అనుమానించండి.

ఆ తర్వాత నెట్టు లేకుండానే చేసే పరీక్ష ఒకటుంది, ఛందస్సు. వేమన పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యాల్లో ఎక్కువ భాగం ఆటవెలదులు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణమంటే మూడు లఘువులు, లేదా ఒక గురువు పక్కన ఒక లఘువు. లఘువంటే పొట్టిగా పలికే అక్షరం, గురువంటే దీర్ఘం లేదా తర్వాత ఒత్తు అక్షరం ఉన్నది. మకుటాన్నే కొట్టి చూడండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. అయిదూ సరిపోయాయి. నాలుగో గణం కూడా పాదం మొదటి అక్షరంలాగే 'వి'తో మొదలై యతీ కుదిరింది. ఇప్పుడు మీకొచ్చిన పద్యంలో రెండో పాదాన్ని ఇలాగే విరగ్గొట్టండి. గ్రూపుల్లో పుట్టినవి చాలావరకు ఇక్కడే కుంటుతాయి. ప్రాసల వచనం రాసి కింద మకుటం అంటించినవి మరీ తేలిగ్గా దొరుకుతాయి.

అయితే గణాలు కుదిరినంత మాత్రాన వేమనదని రుజువు కాదు. ఛందస్సు తెలిసిన దొంగ కూడా ఉంటాడు. చివరి మెట్టు అచ్చు పుస్తకమే. సి.పి. బ్రౌన్ రాతప్రతులు పోగుచేసి వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. ఆయన పేరిటి భాషా పరిశోధన కేంద్రం కడపలోనే ఉంది. పద్యం పంపినాయన్ని వాదించమని అడగొద్దు. పుస్తకం పుట ఫోటో, దాంతోపాటు అచ్చు సంవత్సరం ఉన్న మొదటి పుట ఫోటో అడగండి. చాలాసార్లు సంభాషణ అంతటితో చల్లబడుతుంది. ఏఐ చాట్‌బాట్‌ను మాత్రం 'ఇది వేమనదేనా' అని అడగకండి. అవునని ఒప్పుకుని, దానికి తోడుగా లేని పద్యాలు నాలుగు అల్లిపెట్టే గుణం వాటికుంది.

బ్రహ్మంగారి కాలజ్ఞానం పేరిట వచ్చేవాటికీ ఇదే మందు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, ఆయన ముందే చెప్పాడంటూ 'కోరంకి' జబ్బు పద్యం ఎంత తిరిగిందో తెలిసిందే. కాలజ్ఞానం అచ్చుప్రతులు అన్నీ ఒకటి కావు, కాబట్టి 'పుస్తకంలో ఉంది' అంటే చాలదు. ఏ ప్రతి, ఏ ఏడు? సంఘటన జరగక ముందు అచ్చయిన ప్రతిలో ఉందా? భక్తుడికైనా నాస్తికుడికైనా పనికొచ్చే ప్రశ్న ఈ చివరిదొక్కటే.

"మతాచారం మీద పోస్టు రాశాను. కామెంట్లలో బెదిరింపులు, నా ఫోటో మార్చి బూతుగా పెట్టారు. స్క్రీన్‌షాట్లు తీసి అన్నీ డిలీట్ చేసేశాను. ఫిర్యాదుకు సరిపోతాయా?" (కర్నూలు, మహిళ)

డిలీట్ చేయడమే తొందరపాటు. ఇకపై వచ్చేవి అలాగే ఉంచండి. కామెంటు పెట్టినవాడి పేరు కాదు ముఖ్యం, వాడి ప్రొఫైల్ లింకు. పేరు అయిదు నిమిషాల్లో మారుస్తాడు. కామెంటు లింకు, ప్రొఫైల్ లింకు కాపీ చేసి నోట్స్‌లో తేదీ, సమయంతో పెట్టుకోండి. స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టి మీ పోస్టు తెరిచి, కామెంటు దాకా దిగి, ప్రొఫైల్ తెరిచి ఆపండి. మధ్యలో కోత ఉండకూడదు. బెదిరింపు వాట్సాప్‌లో వస్తే ఆ చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయండి. బ్లాక్ చేయడం ఇవన్నీ అయ్యాకే. ఆ ఫోను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం, రాయాలి. ఫైలును క్రాప్ చేసినా, గీతలు గీసినా హ్యాష్ మారిపోతుంది. గుర్తులు పెట్టుకోవాలంటే కాపీ మీద పెట్టుకోండి.

1930 నంబరు డబ్బు మోసాలకు. మీది సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద వేయాలి, లేదా నేరుగా స్టేషనుకు వెళ్లాలి. బెదిరింపు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 351 కిందికి, అశ్లీల చిత్రం ఐటీ చట్టం 67 కిందికి వస్తాయి. కంపెనీ యాప్‌లో రిపోర్టుతో ఆగకండి. ప్రతి పెద్ద వేదికకూ ఇక్కడ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 24 గంటల్లో అందినట్టు చెప్పాలి. వాళ్ల జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటుచేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు. నగ్నంగా మార్చిన ఫోటో అయితే 'స్టాప్ ఎన్‌సీఐఐ' సైటు మీ ఫోనులోనే దాని హ్యాష్ తయారుచేస్తుంది, ఫోటో బయటికి పోదు. ఆ హ్యాష్‌తోనే అందులో చేరిన వేదికలు ఆ ఫోటోను పట్టుకుంటాయి.

"మా దేవుణ్ణి విమర్శించిన వీడియోను 200 మందిమి కలిసి రిపోర్ట్ కొట్టాం. ఎందుకు పోలేదు?" (ఆదోని)

ఎన్ని రిపోర్టులన్నది లెక్కలోకి రాదు. ఒక్కటి చాలు, నియమం దాటి ఉంటే. 200 వచ్చినా దాటకపోతే ఉంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా నియమాలు మతం కారణంగా మనుషుల మీద చేసే దాడిని ఆపుతాయి, మతాన్ని ఒక భావనగా విమర్శించడాన్ని కాదు. ఆ వీడియోలో మీ మతంవాళ్లను పశువులనో, తరిమేయమనో అని ఉంటే ఆ ఒక్క కారణం మీదే రిపోర్టు ఇవ్వండి. 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అని మొత్తం వీడియో మీద కొడితే పనికాదు.

చట్టం గీత వేరేచోట ఉంది. బీఎన్‌ఎస్ 299, అంటే పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 295ఏ, కావాలని, దురుద్దేశంతో మత భావాలను గాయపరిస్తే మూడేళ్ల దాకా శిక్ష అంటుంది. ఆ రెండు షరతులే కీలకమని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. చాలామంది ఇంకా తలుచుకునే ఐటీ చట్టం 66ఏను మాత్రం 2015 మార్చి 24న కొట్టేశారు, దాని కింద కేసు పెట్టమని అడగకండి. మరో సంగతి: 'చూడండి ఎంత ఘోరమో' అని ఆ వీడియోనే పది గ్రూపులకు పంపారు కదా, వాడికి అన్ని వ్యూలు తెచ్చిపెట్టింది మీరే. మీ కోపపు కామెంటు కూడా దాన్ని పైకే తోస్తుంది.

"ఫోనులో నాస్తిక చర్చలు చూస్తాను. టీవీలో అమ్మ అన్నమయ్య కీర్తనలు పెట్టుకుంటే పక్కన అవే వస్తున్నాయి. ఇంట్లో రామాయణం." (ప్రొద్దుటూరు)

రెండింట్లోనూ మీ ఖాతానే ఉంది. టీవీ యూట్యూబ్‌లో ఎడమ పక్క ప్రొఫైల్ బొమ్మ దగ్గర అమ్మ ఖాతా చేర్చండి, లేదా గెస్ట్‌గా పెట్టండి. ఇప్పటికే వస్తున్నవాటి మీద రిమోట్‌లో ఓకే బొత్తాం నొక్కి పట్టుకుంటే ఆ చానల్ చూపించొద్దనే వీలు వస్తుంది. హిస్టరీ మొత్తం ఆపేసి, పాతదీ తుడిచేస్తే యూట్యూబ్ మొదటి పేజీ ఖాళీగా కనబడుతుంది, అమ్మకు కీర్తనలూ రావు.

"అద్దె ఇల్లు. ఇంటాయన పరమ భక్తుడు. నేను నాస్తికుణ్ణి. పేరు తెలియకుండా రాయడం ఎలా?" (అనంతపురం)

వాట్సాప్ గ్రూపు వద్దు, నంబరు అందరికీ కనిపిస్తుంది. టెలిగ్రామ్ అయితే ప్రైవసీలో ఫోను నంబరు ఎవరికీ కనబడకూడదని పెట్టి, దాని కిందే నంబరుతో నన్ను వెతికేది నా కాంటాక్టులే అని పెట్టండి. మొదటిది పెట్టి రెండోది మరిచిపోతారు, అప్పుడు మీ నంబరు సేవ్ చేసుకున్న ప్రతివాడికీ ఆ ఖాతా దొరుకుతుంది. ఇంటాయన మీ కాంటాక్టుల్లో ఉంటే అదీ పనిచేయదు. ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్‌లో కాంటాక్టుల సింక్ ఆపండి. ఫోటోను డాక్యుమెంటుగా పంపితే అందులో దిగిన చోటు కూడా పోవచ్చు. మిద్దె మీది నుంచి తీసిన ఫోటోలో గడియారస్తంభం కనబడితే సింక్ ఆపినా ఒకటే. యాస కూడా పట్టిస్తుంది: 'చేస్తాండారు' అని నాలుగుసార్లు రాస్తే ఏ జిల్లానో చెప్పేయవచ్చు. ఇదంతా పొరుగువాళ్ల కళ్లకే అడ్డు, పోలీసులు అడిగితే వేదిక వివరాలు ఇస్తుంది. ఖాతాకు వేరే నంబరు తీసుకోండి. నెలనెలా అద్దె యూపీఐలో కట్టే నంబరుతోనే దాన్ని తెరిస్తే, ఇంటాయన ఫోనులో మీరు ఎప్పుడో సేవ్ అయి ఉంటారు.