సైనిక కాంట్రాక్టుల్లో లాభానికి హద్దు ఉందా?

అమెరికా సైన్యానికి సరుకు అమ్మే కంపెనీ ఎంత లాభమైనా వేసుకోవచ్చా అంటే, కాంట్రాక్టు రకాన్ని బట్టి. ఖర్చులు భరించి పైన స్థిరమైన ఫీజు ఇచ్చే పద్ధతిలో ఆ ఫీజు సాధారణంగా అంచనా ఖర్చులో 10 శాతం దాటకూడదు, పరిశోధన పనులకైతే 15. స్థిర ధర కాంట్రాక్టుకు అలాంటి పరిమితి లేదు, ఎందుకంటే నష్టమొస్తే కంపెనీదే.

కొనుగోలు అధికారుల టెన్షన్ శాతం గురించి కాదు, ఖర్చు లెక్క గురించి. లెక్క ఉబ్బితే 10 శాతం కూడా ఎక్కువే. 1962 చట్టం ప్రకారం, పోటీ లేని పెద్ద కాంట్రాక్టుల్లో కంపెనీ అసలు ఖర్చుల వివరాలు ధ్రువీకరించి ఇవ్వాలి. చిన్న ఆర్డర్లకూ, మార్కెట్లో అమ్మే వస్తువులకూ మినహాయింపు ఉంది. విడిభాగాలు జారిపోయేది ఈ సందులోంచే! 2019లో రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ (శాఖలో అక్రమాలు, దుబారా తనిఖీ చేసే అధికారి) ఒక సరఫరాదారు అమ్మిన 47 భాగాలు చూస్తే, 46కి లాభం మితిమీరింది.