టెన్షన్ తగ్గించుకోవడం వచ్చినా మనసు ఎందుకు కుదుటపడదు?

ప్రశ్న: "కోపం, ఆందోళన అదుపులో పెట్టుకోవడం బాగానే నేర్చుకున్నాను. అయినా నిద్ర పట్టదు, లోపల ఏదో వెలితి. మానసిక ఆరోగ్యానికి భావోద్వేగ నైపుణ్యాలు ముఖ్యమా, విలువలు ముఖ్యమా?"

రెండూ ముఖ్యమే అనేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ మీ ప్రశ్న చూస్తుంటే మొదటిది ముదిరి, రెండోది వెనకబడినట్టుంది. విలువలతో ముడిపడని భావోద్వేగ నైపుణ్యం మనిషికి మేలు చేయదు. చేయకూడని పనిని అలుపు లేకుండా చేయడం మాత్రం నేర్పుతుంది.

మండల కేంద్రంలో ఒక బ్యాంకు శాఖ అనుకోండి. మార్చి నెల. గొలుసు తాకట్టు పెట్టి పంట రుణం తీసుకుందామని ఒక రైతు వచ్చాడు. అప్రైజర్ గీటురాయి మీద గీసి, తూకం వేసి, కాగితం లోపలికి పంపాడు. ఆఫీసరుకు బీమా టార్గెట్ ఇంకా మిగిలే ఉంది. "పెద్దాయనా, ఇక్కడ కూడా ఒక సంతకం పెట్టండి" అన్నాడు. "ఇదేంటి బాబూ?" "లోనుతో పాటు ఉంటుందిలెండి." పన్నెండు వేల ప్రీమియం రుణంలోంచే పోయింది. ఆఫీసరు గొంతు తొణకలేదు, చిరునవ్వు చెదరలేదు. శిక్షణలో చెప్పినట్టు మధ్యలో ఒకసారి నిదానంగా ఊపిరి కూడా తీసుకున్నాడు. నైపుణ్యానికి మార్కులు వేస్తే నూటికి తొంభై వస్తాయి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. పొద్దున కూరలో ఉప్పు ఎక్కువైందని ఇంట్లో గొడవ. ఏమైందని అడిగితే "ఏం లేదు, టెన్షన్."

ఈ టెన్షన్ అనే మాటొకటి వచ్చి మన భాషను మింగేసింది. బెంగ, దిగులు, ఉక్రోషం, కినుక, అక్కసు, బిడియం, నొచ్చుకోవడం, చిన్నబుచ్చుకోవడం... ఇన్ని మాటలుండగా అన్నిటినీ ఒకే గంపలో పోశాం. దిగులుకు కావలసింది తోడు, ఉక్రోషానికి కావలసింది న్యాయం. రెండిటికీ టెన్షన్ అని పేరు పెడితే రెండిటికీ ఒకే మందు వేస్తాం. ఆ ఆఫీసరుది టెన్షన్ కాదు, తప్పు చేశానన్న గుచ్చుడు.

స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1990లలో చేసిన పనిలో తేలిందేమిటంటే, బాధను ముఖంలో కనబడకుండా అణిచినంత మాత్రాన లోపలి బాధ తగ్గదు, పైగా గుండె, రక్తనాళాల మీద భారం పెరుగుతుంది. విషయాన్ని మరో కోణంలో చూడడం మెరుగైన దారి అని కూడా ఆయన పరిశోధనలే చూపాయి. చిక్కంతా ఇక్కడే. "అందరూ చేసేదే కదా", "బీమా ఉండడం ఆయనకూ మంచిదే కదా" అనుకోవడమూ మరో కోణంలో చూడడమే. ఏ కోణం నిజమో ఆ నైపుణ్యం చెప్పదు, మీ విలువలు చెప్పాలి.

సామాజిక మనస్తత్వవేత్త షలోమ్ ష్వార్ట్జ్ 1992లో పది మౌలిక విలువలను ఒక చక్రంలా అమర్చి చూపాడు. అందులో విజయాలు సాధించడం, అధికారం ఒక పక్క ఉంటే, దగ్గరివాళ్ల మేలు, లోకం మేలు వాటికి సరిగ్గా ఎదురు పక్క ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండిటినీ ఒకే పనిలో సంతృప్తిపరచడం కష్టం. కౌంటరు దగ్గర జరిగింది అదే. అందుకే ఆఫీసుల్లో ఏడాదికోసారి పెట్టే ఒత్తిడి నివారణ వర్క్‌షాపులంటే నాకు ఒళ్లు మంట. టార్గెట్ అలాగే ఉంచి, ఊపిరి పీల్చడం నేర్పి, గ్రూప్ ఫోటో దిగి సమోసా పెట్టి పంపేస్తారు.

ఇక చేయాల్సిన పనులు. ముందు ఊపిరి, ఎందుకంటే ఉడికిపోతున్నప్పుడు ఆలోచన సాగదు. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. ఐదు నిమిషాలు చాలు. చాలామంది గుండెల నిండా గబగబా లాగుతారు. దాంతో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, "నాకు ఇది పడదు" అని మానేస్తారు. ఎక్కువ గాలి అక్కర్లేదు, వదలడం నిదానంగా ఉంటే చాలు.

తర్వాత ఒక్క వాక్యం రాయండి: "నాకు ఫలానాగా ఉంది, ఎందుకంటే..." టెన్షన్, స్ట్రెస్, మూడ్ బాలేదు, ఈ మూడు మాటలూ నిషేధం. నోటితో అనుకుంటే సరిపోదు, కాగితం మీద పెట్టాలి.

మూడో పనికి వారంలో అరగంట పడుతుంది. కుటుంబం, దాంపత్యం, పిల్లల పెంపకం, స్నేహం, ఉద్యోగం, చదువు, వినోదం, భక్తి, ఊరి పట్ల బాధ్యత, ఒంటి ఆరోగ్యం అని పది వరసలు గీయండి. మొదటి గడిలో అది మీకెంత ముఖ్యమో పదికి మార్కులు. రెండో గడిలో గడిచిన వారం దానికి తగ్గట్టు ఎంత బతికారో పదికి మార్కులు. తేడా ఎక్కడ పెద్దగా ఉందో అక్కడ వేలు పెట్టండి. ఈ పద్ధతి అంగీకార నిబద్ధత చికిత్స (బాధను తోసేయకుండానే విలువల ప్రకారం నడవడం నేర్పే మానసిక చికిత్స, ఇంగ్లిష్‌లో ACT) వాళ్లు వాడేది. దీన్ని మనవాళ్లు మూడు రకాలుగా పాడుచేస్తారు. అన్నిటికీ పదేసి వేస్తారు, కాబట్టి రెండిటికి మించి పది వేయొద్దు. విలువ రాయమంటే లక్ష్యం రాస్తారు. ఇల్లు కొనడం విలువ కాదు, కొన్నాక అయిపోతుంది. ఇక మూడోది, "మావాడు బుద్ధిగా ఉండాలి" అని ఎదుటివాడి పని రాస్తారు. మీ చేతిలో ఉన్నదే రాయండి.

గుచ్చిన ప్రతిదీ విలువ తప్పడం కాదు. బావమరిది అప్పుకు హామీ సంతకం పెట్టనన్నాక కూడా రాత్రి నిద్ర పట్టదు. అది మొహమాటం. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న: ఈ సంగతి ఎవ్వరికీ ఎప్పటికీ తెలియదనుకుంటే ఇంకా గుచ్చుతుందా? గుచ్చడం ఆగితే అది నలుగురి భయం, దానికి ఊపిరి, కాలం చాలు. ఆగకపోతే అది మీ విలువే. దాన్ని చల్లార్చొద్దు, దాని మాట వినండి.

వినడమంటే రాజీనామా చేయడం కాదు. ఐదు నిమిషాల్లో అయ్యే పని ఒకటి ఎంచుకుని "ఎప్పుడు, ఏం చేస్తాను" అని కలిపి రాసుకోండి. ఉదాహరణకు "బీమా ఫారం బయటికి తీసినప్పుడల్లా, లోనుకు ఇది తప్పనిసరి కాదని ముందు చెప్తాను." నిజాయితీగా ఉంటాను అని రాసుకుంటే వారంలో మరిచిపోతారు.

రెండు వారాలకోసారి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల కొలత నింపండి. ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, ఉత్సాహంగా ఉన్నారా, లేవగానే తాజాగా ఉందా, రోజులో ఆసక్తి కలిగించే పనులున్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని నాలుగుతో హెచ్చించాలి. 50 దాటకపోతే విలువల పట్టిక పక్కన పెట్టి డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. కుంగుబాటులో ఉన్న మనిషికి ఈ పట్టిక ఇస్తే ప్రతి గడీ తనను తాను తిట్టుకోవడానికే వాడుకుంటాడు.

ఆ ఆఫీసరు విషయానికొస్తే, దిద్దుకునే వీలు ఇంకా ఉంది. జీవిత బీమా పాలసీ కాగితం చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. బీమా రక్షణ ఉన్నన్ని రోజుల రిస్కు ప్రీమియం, వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు డ్యూటీ పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. పాలసీ వెనక్కిచ్చే దరఖాస్తు ఫారం బ్రాంచిలోనే అడగొచ్చు. రైతు ఫోన్ నంబరు లోను ఫైలులో మొదటి పేజీలోనే ఉంటుంది.